మామునూరు రన్‌వే: విమానం కన్నా ముందు రావాల్సినవి

రాత్రి ఒంటిగంటకు హనుమకొండలో కారు బయలుదేరుతుంది. జనగామ, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, పెద్ద అంబర్‌పేట మీదుగా శంషాబాద్ చేరేసరికి నాలుగవుతుంది. ఆరు గంటల విమానం ఏడుంపావుకు బెంగళూరులో దిగుతుంది. గాల్లో గడిపింది గంటంపావు, దానికోసం నేల మీద గడిపింది ఐదు గంటలు. వరంగల్ వాళ్లకు ఇది కొత్తేమీ కాదు. పిల్లల్ని కాలేజీలో దింపడానికి, ఆపరేషన్‌కి, ఆఫీసు మీటింగ్‌కి ఏళ్ల తరబడి ఇలాగే వెళ్తున్నారు. అందుకే వరంగల్ పక్కనున్న మామునూరు విమానాశ్రయం పేరు వార్తల్లో వినపడ్డప్పుడల్లా అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: విమానం ఎప్పుడొస్తుంది?

ఆ ప్రశ్నకు తేదీ చెప్పడం కన్నా, విమానం రావడానికి ముందు ఏమేం జరగాలో, అవి ఏ వరుసలో జరగాలో తెలుసుకోవడం ఎక్కువ ఉపయోగం.

క్లుప్తంగా

ఇప్పుడున్న 1.8 కిలోమీటర్ల రన్‌వే పంకాలతో నడిచే చిన్న ఏటీఆర్ విమానాలకు సరిపోతుంది, జెట్‌లకు చాలదు. జెట్ లేకపోతే ఢిల్లీ లాంటి దూరాలు కుదరవు. జెట్ కావాలంటే రన్‌వే పెరగాలి, రన్‌వే పెరగాలంటే రెండు చివర్లలో భూమి కావాలి. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం వద్దన్న నిబంధన అడ్డు మామునూరుకు 2025లో తొలగింది. టెర్మినల్‌ను తర్వాత పెంచుకోవచ్చు, భూమిని తర్వాత పెంచుకోవడం దాదాపు అసాధ్యం. అంతర్జాతీయ హోదా ఈ వరుసలో చివరిది.

నిజాం కాలపు నేల

మామునూరులో విమానాలు దిగే మైదానం 1930లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో తయారైంది. అప్పట్లో దాని విస్తీర్ణం 1,875 ఎకరాలని వరంగల్‌లో అందరూ చెప్పుకునే లెక్క. 1981 దాకా వాడుకలో ఉండి ఆ తర్వాత మూతపడింది. కాలక్రమంలో చుట్టుపక్కల పోలీసు శిక్షణ కేంద్రం, బెటాలియన్ లాంటివి వచ్చాయి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో మిగిలింది 696 ఎకరాలు.

పాత రన్‌వే ఉంది కదా, గడ్డి పీకి తారు పోస్తే చాలదా అని చాలామంది అనుకుంటారు. చాలదు. 1930ల నాటి విమానాల బరువు వేరు, వేగం వేరు. ఇప్పటి విమానానికి నేల గట్టితనం, పక్కన ఖాళీ జాగా, చివర రక్షణ ప్రాంతం, రాత్రిపూట దీపాలు, మబ్బుల్లో దారి చూపే పరికరాలు అన్నీ కావాలి. మామునూరు విషయంలో పాత మైదానం వల్ల కలిసొచ్చింది ప్రధానంగా ఒక్కటే. ఆ 696 ఎకరాలు ఇన్నేళ్లుగా ప్లాట్లుగా మారకుండా మిగిలాయి. అది చిన్న విషయం కాదు.

150 కిలోమీటర్ల గీత

శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో కేంద్రానికి, జీఎంఆర్ సంస్థకు మధ్య ఒప్పందం కుదిరింది. విమానాశ్రయం మొదలైన నాటి నుంచి 25 ఏళ్ల దాకా, గగనతలంలో 150 కిలోమీటర్ల లోపు మరో పౌర విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయకూడదన్నది అందులో ఒక నిబంధన. శంషాబాద్ 2008 మార్చిలో మొదలైంది. అంటే ఆ గడువు 2033 దాకా ఉంటుంది.

శంషాబాద్ నుంచి మామునూరుకు తిన్నగా కొలిస్తే దాదాపు 145 కిలోమీటర్లు. గీతకు కాస్త ఇవతల పడింది. ఆ కాస్తే అన్నేళ్లు ఆపింది. పెద్దపల్లి జిల్లాలోని బసంత్‌నగర్ గీతకు అవతల ఉంది కాబట్టి దానికి ఈ చిక్కు లేదు, కాకపోతే దాని సమస్యలు దానివి.

ఇలాంటి నిబంధన ఎందుకు పెడతారంటే, వేల కోట్లు పెట్టి విమానాశ్రయం కట్టే సంస్థకు ప్రయాణికులు చీలిపోరన్న భరోసా కావాలి. ఆ భరోసా లేకపోతే బ్యాంకులు అప్పివ్వవు. 2004లో హైదరాబాద్ నుంచి ఎంతమంది ఎగురుతారో ఎవరికీ గట్టిగా తెలియదు. ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. ఏడాదికి 1.2 కోట్ల మందికి సరిపడా మొదలైన శంషాబాద్ టెర్మినల్‌ను 3.4 కోట్ల మందికి సరిపోయేలా పెంచారు. ఏటా రెండున్నర కోట్లకు పైగా జనం వెళ్తున్న చోట, వరంగల్ వైపు వెళ్లే కొన్ని లక్షల మంది వల్ల దానికి వచ్చే నష్టం స్వల్పం. జీఎంఆర్ అభ్యంతరం లేదని చెప్పింది, 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. అంతకుముందే, 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 253 ఎకరాల సేకరణకు 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది.

ఎండ, ఎత్తు, రన్‌వే పొడవు

విమానం రెక్కలను లేపేది గాలి. గాలి వేడెక్కితే పలచబడుతుంది, ఎత్తు పెరిగినా పలచబడుతుంది. పలచని గాలిలో విమానం లేవాలంటే ఇంకా వేగంగా పరుగెత్తాలి, ఆ వేగం అందుకోవడానికి ఇంకా పొడుగు రన్‌వే కావాలి. ఇంజిన్ బలం కూడా వేడికి తగ్గుతుంది. అందుకే ఒకే విమానానికి జనవరిలో సరిపోయిన రన్‌వే మే నెలలో సరిపోకపోవచ్చు.

దీనికి విమానాశ్రయాల రూపకల్పనలో ఒక మోటు లెక్క ఉంది. సముద్ర మట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకు రన్‌వే పొడవు 7 శాతం పెంచాలి. ఆ ఎత్తులో ఉండాల్సిన ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే ఎక్కువైన ప్రతి డిగ్రీకి ఒక శాతం పెంచాలి. మామునూరు ఎత్తు సుమారు 280 మీటర్లు. అక్కడ ప్రామాణిక ఉష్ణోగ్రత 13 డిగ్రీలు అనుకుంటే, వరంగల్ ఎండాకాలాన్ని 40 డిగ్రీలుగా తీసుకున్నా తేడా 27 డిగ్రీలు. ఎత్తుకు ఆరున్నర శాతం, వేడికి 27 శాతం.

ఏటీఆర్-72 విమానానికి సముద్ర మట్టంలో, చల్లని రోజున, నిండు బరువుతో సుమారు 1,300 మీటర్లు కావాలి. పై లెక్క వేస్తే అది 1,760 మీటర్ల దాకా వస్తుంది. అంటే ఇప్పుడున్న 1.8 కిలోమీటర్లు దానికి బొటాబొటిగా సరిపోతాయి.

ఏ-320 తరహా జెట్‌కు అదే పరిస్థితుల్లో సుమారు 2,100 మీటర్లు కావాలి. మామునూరు ఎండకు, ఎత్తుకు సరిచేస్తే 2,840 వస్తుంది. అంటే ఉన్నదాని మీద ఇంకో కిలోమీటరు. అసలు డిజైన్‌లో విమాన కంపెనీల చార్టులు పెట్టి, ఏ ఊరికి ఎంత ఇంధనంతో వెళ్లాలో చూసి ఇంతకన్నా కచ్చితంగా తేలుస్తారు. దగ్గరి ఊరికే వెళ్తే ఇంధనం తక్కువ, బరువు తక్కువ, అప్పుడు కాస్త పొట్టి రన్‌వే అయినా నడుస్తుంది. కానీ లెక్క ఏ వైపు మొగ్గుతోందో ఈ మోటు అంచనాతోనే తెలిసిపోతుంది.

దీని అసలు ఫలితం కనపడేది టికెట్ కౌంటర్ దగ్గర. మామునూరు నుంచి బెంగళూరు గగనతలంలో 590 కిలోమీటర్ల దూరం. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే ఏటీఆర్‌కు గంటన్నర లోపు ప్రయాణం, బాగానే ఉంటుంది. ముంబై 725 కిలోమీటర్లు, అదీ ఫర్వాలేదు. ఢిల్లీ 1,200 కిలోమీటర్లు. ఏటీఆర్ అంత దూరం రెండున్నర గంటలు పోవడం కంపెనీకీ గిట్టదు, ప్రయాణికుడికీ నచ్చదు. కాజీపేట నుంచి ఒక రోజు పట్టే ఢిల్లీ రైలుకు పోటీగా విమానం రావాలంటే అది జెట్టే అయి ఉండాలి.

253 ఎకరాలు ఎక్కడికి పోతాయి

696 ఎకరాలు చేతిలో ఉండగా ఇంకా 253 ఎందుకన్న ప్రశ్న సహజం. భూమి ఎంతుందన్నదే కాదు, ఏ ఆకారంలో ఉందన్నది కూడా ముఖ్యం. రన్‌వే సూటిగా పోవాలి, ఎకరాలు కావాల్సింది దాని రెండు చివర్లలో. పక్కన ఎన్ని వందల ఎకరాలున్నా చివరన పది గుంటలు తక్కువైతే గీత అక్కడే ఆగిపోతుంది.

రన్‌వే అంటే 45 మీటర్ల వెడల్పు తారు పట్టీ మాత్రమే కాదు. పరికరాల సాయంతో దిగే పెద్ద రన్‌వేకి మధ్య గీత నుంచి అటు 140, ఇటు 140, మొత్తం 280 మీటర్ల వెడల్పున చదునైన ఖాళీ నేల ఉండాలి. విమానం పక్కకు జారితే గుంతలో పడకుండా, గోడను గుద్దుకోకుండా ఉండటానికి. రెండు చివర్లా మరో 60 మీటర్లు కలపాలి. 2,800 మీటర్ల రన్‌వేకి ఈ ఖాళీ పట్టీ ఒక్కటే 200 ఎకరాలు దాటుతుంది. దాని తర్వాత, విమానం చివరి దాకా వచ్చి ఆగకపోతే పట్టుకునే రక్షణ జాగా 240 మీటర్లు ఉండాలన్నది సిఫారసు. పూర్తి స్థాయి దీపాల వరుస కావాలంటే దిగే వైపు 900 మీటర్ల దాకా స్తంభాలు నాటాలి. ఆ పైన టెర్మినల్, విమానాలు నిలిపే ఏప్రన్, కంట్రోల్ టవర్, అగ్నిమాపక కేంద్రం, పార్కింగ్.

ఈ అదనపు భూమి ఖిలా వరంగల్ మండలంలోని నక్కలపల్లి, గుంటూరుపల్లి లాంటి ఊళ్ల పొలాలు. కాగితం మీద రన్‌వే పొడిగింపు అని రాసేది ఆ ఊళ్లో ఒకరి బావి, ఒకరి చెల్క, ఒకరి పత్తి చేను. పరిహారం ఎంతన్నది ఒక సమస్య. ఊరికి వెళ్లే దారి రన్‌వే కింద పోతే కొత్త దారి ఎటు నుంచి, ఎప్పటికి అన్నది దానికి ఏమాత్రం తీసిపోని సమస్య. పరిహారం చెక్కు ఒక్కసారే వస్తుంది. దారి రోజూ కావాలి, పాల క్యాన్‌కి, స్కూలు పిల్లలకి, అంబులెన్స్‌కి. దారి పని రన్‌వే పని కంటే ముందే పూర్తయితే గొడవ సగం తగ్గుతుంది.

టెర్మినల్‌కు గంట లెక్క ముఖ్యం

విమానాశ్రయం సామర్థ్యం ఏడాదికి ఇన్ని లక్షలు అని వార్తల్లో రాస్తారు. టెర్మినల్ కట్టేవాళ్లు చూసే అసలు సంఖ్య వేరు: బాగా రద్దీగా ఉండే గంటలో లోపల ఎంతమంది ఉంటారు?

ఒక ఏ-320లో సుమారు 180 సీట్లు. అది దిగి మళ్లీ బయలుదేరే లోపు వచ్చేవాళ్లు 180, పోయేవాళ్లు 180, మొత్తం 360 మంది. ఒకే గంటలో రెండు జెట్‌లు వస్తే 720. ఆ రెండూ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వస్తే సగం టెర్మినల్ చాలు. ఏడాది మొత్తం ప్రయాణికులు మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒక్కటే. రోజుకు రెండు జెట్‌లు, 80 శాతం సీట్లు నిండాయనుకుంటే ఏడాదికి 2.1 లక్షల మంది. రోజుకు మూడు ఏటీఆర్‌లు అదే నిండుదనంతో నడిస్తే 1.26 లక్షలు.

కాబట్టి మొదట్లోనే పెద్ద గాజు భవనం కట్టాల్సిన పని లేదు. చిన్నగా మొదలుపెట్టి, పక్కన ఖాళీ ఉంచుకుని, రద్దీ పెరిగినప్పుడు గది తర్వాత గది కలిపినట్టు పెంచుకోవచ్చు. శంషాబాద్‌లో జరిగిందదే. 1.2 కోట్ల నుంచి 3.4 కోట్లకు వెళ్లగలిగిందంటే మొదటి రోజే దాదాపు 5,500 ఎకరాలు చేతిలో ఉండటం వల్లే. గోడలు ఎప్పుడైనా కట్టుకోవచ్చు. చుట్టూ కాలనీలు లేచాక నేల దొరకదు.

మేడారం జాతర ప్రస్తావన ఇక్కడ తరచూ వస్తుంది. రెండేళ్లకోసారి, నాలుగు రోజులు, కోటికి చేరే జనం. ఆ నాలుగు రోజుల కోసం టెర్మినల్ కడితే మిగిలిన రోజుల్లో కరెంటు బిల్లు కూడా రాదు. జాతరకు అదనపు విమానాలు నిలపగలిగే ఏప్రన్ ఉంటే అది వేరే సంగతి, దానికయ్యే ఖర్చూ తక్కువే.

మిగతా చోట్ల ఏం జరిగింది

రాజమండ్రి కథ మామునూరుకు బాగా దగ్గర. అక్కడి రన్‌వే 1,750 మీటర్ల దగ్గర ఉన్నంతకాలం చిన్న విమానాలే వచ్చాయి. దాన్ని 3,165 మీటర్లకు పెంచారు. పెంచిన మర్నాడే జెట్‌లు వాలిపోలేదు, కొన్నేళ్లు పట్టింది. 2024 డిసెంబరులో ముంబైకి, ఢిల్లీకి నేరుగా ఏ-320 సర్వీసులు మొదలయ్యాయి. రన్‌వే పొడవు తలుపు తెరిచింది, లోపలికి రావాలా వద్దా అని విమాన కంపెనీ తన లెక్కలు చూసుకుంది.

కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2,000 మీటర్ల రన్‌వేతో 2021 మార్చిలో సర్వీసులు మొదలయ్యాయి, చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ కింద. ఈ పథకంలో సగం సీట్ల ధరకు పరిమితి ఉంటుంది, దానివల్ల కంపెనీకి వచ్చే లోటును ప్రభుత్వం మూడేళ్లు భర్తీ చేస్తుంది. అందులో సాధారణంగా 20 శాతం రాష్ట్రం వాటా. అసలు పరీక్ష ఆ మూడేళ్ల తర్వాత. సాయం ఆగాక కూడా సీట్లు నిండితే సర్వీసు నిలబడుతుంది, లేదంటే ఎత్తేస్తారు.

బీదర్ ఇంకో పాఠం. అదీ శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపే ఉంది, అయినా అడ్డంకి దాటి 2020 ఫిబ్రవరిలో బెంగళూరు విమానం మొదలైంది. మధ్యలో సర్వీసులు ఆగిపోయి మళ్లీ మొదలయ్యాయి. హైదరాబాద్‌కు దగ్గరలో ఉన్న ఊరి విమానాశ్రయానికి ఎప్పుడూ ఉండే ఇబ్బంది ఇదే. పొద్దున ఒక్క విమానమే ఉంటే, అది రద్దయిన రోజు ప్రయాణికుడి పని మొత్తం పాడవుతుంది. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి నేరుగా శంషాబాద్ వెళ్తాడు, అక్కడ గంటకో విమానం ఉంటుంది కాబట్టి. చిన్న విమానాశ్రయానికి శాపం టికెట్ ధర కన్నా ఎక్కువగా ఈ టెన్షనే. రోజుకు కనీసం రెండు సర్వీసులు, వేళకు నడిచేవి ఉంటేనే జనానికి నమ్మకం కుదురుతుంది.

మామునూరుకు అనుకూలమైన అంశం దాని చుట్టూ ఉన్న ప్రాంతం. వరంగల్-ఖమ్మం రోడ్డు పక్కనే అది ఉంది. కరీంనగర్ నుంచి వరంగల్ 70 కిలోమీటర్ల పైచిలుకు, ఆ రహదారిని నాలుగు వరుసలుగా వెడల్పు చేస్తున్నారు. నిట్, మెడికల్ కాలేజీ, గీసుగొండ వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు, భూపాలపల్లి బొగ్గు గనులు, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడి, ఎనుమాముల మిర్చి మార్కెట్ అన్నీ ఈ పరిధిలోనివే. జనం ఉన్నారు. వాళ్లు మామునూరు వస్తారా లేదా అన్నది రోడ్డు, వేళలు తేలుస్తాయి. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు విమానం వేస్తే మాత్రం ఎక్కేవాళ్లు తక్కువే ఉంటారు. ఆ దూరం రైలుది. ఇక్కడి నుంచి నడవాల్సినవి బెంగళూరు, ముంబై, తిరుపతి, ఢిల్లీ.

అంతర్జాతీయం ఎప్పుడు

జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు ఎక్కువ కాబట్టి వరంగల్ నుంచి దుబాయ్ విమానం అన్న ఆశ ఉంది. ఆశలో తప్పు లేదు. కానీ అంతర్జాతీయ హోదా అంటే కస్టమ్స్, ఇమిగ్రేషన్ సిబ్బందిని పెట్టి కేంద్రం గుర్తించడం. అది విమానాన్ని తెచ్చిపెట్టదు.

విజయవాడ విమానాశ్రయం గన్నవరం దీనికి ఉదాహరణ. దానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. 2018 డిసెంబరులో, లోటు భర్తీ చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ముందుకొస్తే సింగపూర్ సర్వీసు మొదలైంది, 2019లో ఆగిపోయింది. 2022 అక్టోబరులో షార్జా విమానం వచ్చింది. పనుల కోసం, అయినవాళ్ల కోసం ఏడాది పొడవునా రాకపోకలు సాగే దారి అది. ప్రయాణికులు ముందు నుంచే ఉన్న దారికి విమానం నిలబడుతుంది. మామునూరు వరుసలో దేశీయ సర్వీసులు నిలదొక్కుకోవడం ముందు, గల్ఫ్ తర్వాత.

ఊరి మీద పడే ప్రభావం

విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల పరిధిలో భవనాల ఎత్తుకు నిబంధనలు ఉంటాయి. వరంగల్, హనుమకొండ ఆ పరిధిలోనే ఉన్నాయి. రన్‌వే చివర్ల నుంచి ఆకాశంలోకి వాలుగా లేచే ఒక ఊహా తలం ఉంటుంది. దిగే దారిలో 50 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎత్తు చొప్పున పెరుగుతుంది. కిలోమీటరు దూరంలో 20 మీటర్లు, అంటే ఆరేడు అంతస్తులు. సెల్ టవర్లు, నీళ్ల ట్యాంకులు, కొత్త అపార్ట్‌మెంట్లు అన్నీ దీనికి లోబడాలి. ఈ ఎత్తు పరిమితులను రంగు గడులుగా చూపే మ్యాపు మీద ఏ గడిలో తమ ప్లాటు పడిందో కొనేముందు చూసుకోవడం మంచిది. విమానాశ్రయం వస్తుందన్న మాటతో ధర పెంచి అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

ఇప్పుడు రన్‌వేని 1.8 కిలోమీటర్లకే మరమ్మతు చేసి ఏటీఆర్‌లతో మొదలుపెట్టి, తర్వాత చూద్దామంటే పని త్వరగా అయినట్టు కనిపిస్తుంది. కానీ పదేళ్ల తర్వాత జెట్ కోసం మళ్లీ అవే ఊళ్లకు వెళ్లాలి. అప్పటికి పొలాలు ఇళ్లయి ఉంటాయి, ఎత్తు పరిమితి లేకుండా కట్టినవి కూల్చాల్సి వస్తుంది, ఒకసారి భూమి ఇచ్చిన కుటుంబాన్నే రెండోసారి అడగాల్సి వస్తుంది. పూర్తి పొడవుకు కావాల్సిన నేలను ఒకేసారి, న్యాయమైన ధరకు తీసుకుని, నక్కలపల్లి దారిని ముందే వేసి, టెర్మినల్‌ను చిన్నగా కట్టడం ఖర్చు రీత్యా కూడా చవక.